ఒక్క ప్రింటర్ మాత్రం రెండో సబ్‌నెట్‌కి దొరకట్లేదు, మాస్క్ వల్లేనా?

మా ఆఫీసులో 192.168.10.0 అంతా 255.255.255.0 మాస్క్‌తో (ఏ అడ్రసులు తన నెట్‌వర్క్‌లోవో సిస్టమ్‌కి చెప్పే అంకెలు) ఒకే నెట్‌వర్క్‌గా ఉండేది. పోయిన శనివారం దాన్ని 255.255.255.192తో విడగొట్టాను. 4 సబ్‌నెట్లు (చిన్న నెట్‌వర్క్‌లు) వచ్చాయి, ఒక్కోదానిలో 64 అడ్రసులు, సిస్టమ్‌లకి ఇవ్వగలిగేవి 62. ప్రస్తుతం రెండే వాడుతున్నాం: అకౌంట్స్‌కి 0 నుంచి 63, సేల్స్‌కి 64 నుంచి 127. రౌటర్‌లో పోర్టులు వేరు, స్విచ్‌లూ వేరు. గేట్‌వేలు, అంటే అవతలి సబ్‌నెట్‌కి దారిచ్చే రౌటర్ అడ్రసులు, వరుసగా 192.168.10.1, 192.168.10.65.

ప్రింటర్ 192.168.10.20, అకౌంట్స్ వైపు ఉంది. అక్కడివాళ్లకి చక్కగా ప్రింట్ వస్తోంది. సేల్స్ సిస్టమ్ 192.168.10.70 నుంచి పింగ్ చేస్తే (జవాబిస్తుందో లేదో చూసే పరీక్ష) నాలుగుసార్లూ 'రిక్వెస్ట్ టైమ్డ్ ఔట్'. విచిత్రమేమిటంటే, అదే సిస్టమ్ నుంచి అకౌంట్స్‌లోని మిగతా కంప్యూటర్లన్నీ పలుకుతున్నాయి. ప్రింటర్‌కి ట్రేసర్ట్ (దారి ఎక్కడిదాకా వెళ్తోందో చూపే కమాండ్) 192.168.10.65 దాకా వెళ్లి, తర్వాత అన్నీ చుక్కలే. రౌటర్‌లోంచి నేరుగా పింగ్ చేస్తే మాత్రం ప్రింటర్ జవాబిస్తోంది.

ఫైర్‌వాల్ ఆపి చూశాను, కేబుల్ మార్చాను, ప్రింటర్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. ఫలితం లేదు. నిన్న ప్రింటర్ సెట్టింగ్స్ పేజీ తీస్తే గేట్‌వే 192.168.10.1 సరిగ్గానే ఉంది, మాస్క్ మాత్రం పాత 255.255.255.0. మార్చుదామంటే పాస్‌వర్డ్ సర్వీస్ అతని దగ్గరుంది, పిలిస్తే ఊరికే రాడు.

గేట్‌వే సరిగ్గా ఉన్నా, ఆ పాత మాస్క్ వల్ల ప్రింటర్ 192.168.10.70ని తన నెట్‌వర్క్‌లోదే అనుకుని జవాబు రౌటర్‌కి పంపడం లేదా?