అప్‌డేట్: 'దుశిగ్రోష్' పదం ఎలా పుట్టిందో తేలింది

పోలిష్‌లో పిసినారిని తిట్టే 'దుశిగ్రోష్' పదంలో మొదటి సగం 'దుషా' (ఆత్మ) అవునా అని అడిగాను. నేరుగా కాదు. అది 'దుశిచ్' అనే క్రియ: గొంతు నులమడం, ఊపిరాడకుండా చేయడం. 'ఆత్మ' అనే మాటకీ దీనికీ మూలంలో ఊపిరి అర్థమున్న ధాతువు ఒకటే, పొరపాటు అక్కడే మొదలవుతుంది.

రెండో సగం 'గ్రోష్', చిన్న నాణెం. ఇవాళ్టికీ పోలండ్ కరెన్సీ అయిన ఒక జ్వోటీకి 100 గ్రోష్‌లు. లాటిన్‌లో 'గ్రోసుస్' అంటే మందమైనది. 1300లో చెక్ రాజు రెండవ వాత్స్లావ్ కుత్నా హోరా గనుల వెండితో ప్రాగ్ గ్రోష్ కొట్టించాడు. ఆ ఏడే ఆయన పోలండ్‌కూ రాజయ్యాడు. పేరు చెక్ మీదుగానే పోలిష్‌లోకి వచ్చింది.

మొత్తం కలిపితే 'పైసా గొంతు నులిమేవాడు'. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలనివాడన్నమాట. ఎంత చక్కటి బొమ్మ!

అసలు చిక్కు నిర్మాణంలో ఉంది. మనం 'చెప్పులు కుట్టేవాడు' అని కర్మను ముందు పెడతాం. ఇక్కడ క్రియే ముందు. 'లిచిక్రూపా' (నూక గింజలు లెక్కపెట్టేవాడు) కూడా అంతే. సమ్మెను విరిచేవాడు 'వామిస్త్రాయ్క్'. ఈ రకంలో రెండు సగాల మధ్య 'ఓ' రాదు, 'ఇ' లాంటి అచ్చే వస్తుంది.

'గ్రోషోరూప్' వేరే రకం: నామం ముందు, మధ్యలో 'ఓ', చివర 'చేయడం' అనే క్రియ ధాతువు. అర్థమూ వేరే. 'దుశిగ్రోష్' ఖర్చు పెట్టడు, 'గ్రోషోరూప్' సంపాదన యావలో ఉంటాడు. డబ్బాశకు సరిపోయే మాట ఇదే.