పూర్వ విద్యార్థుల డబ్బు హామ్ రేడియో క్లబ్బుకు పెట్టాలా, నీళ్ల మోటారుకా?

హంద్రిగట్టు:
కర్నూలులో మేం చదివిన హైస్కూలు కోసం మా బ్యాచ్ వాళ్లం అరవై వేలు పోగుచేశాం. ఫిజిక్స్ సారు ఆ డబ్బుతో హామ్ రేడియో క్లబ్బు పెడదామంటున్నారు. అంటే లైసెన్స్ తీసుకుని, సెల్ టవర్లతో పనిలేకుండా సొంత సెట్టుతో దూరపువాళ్లతో సరదాగా మాట్లాడుకునే రేడియో. బాత్రూములకు నీళ్ల మోటారు పెట్టించండి, ఈ ఆటలెందుకని సగం మంది వాట్సాప్‌లో ఒకటే గోల. నేను క్లబ్బు వైపే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి ఊళ్లోకి వచ్చినప్పుడు మేం పాతబస్తీలో మేడ మీదున్నాం. ఫోనులో చార్జింగ్ ఉంది, సిగ్నల్ లేదు. మేం బతికే ఉన్నామని నంద్యాలలోని మా చిన్నాన్నకు మూడు రోజులకు గానీ తెలియలేదు. 2004 సునామీ నాటికి హామ్ బృందంతో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ గారు అక్కడి కబుర్లు రేడియో మీదే బయటికి చేరవేశారు. అలాంటి సెట్టు ఒకటి మన ఊళ్లో ఉండొద్దా?

నీళ్లట్యాంకు:
అన్నా, వరద మాట వేరు, బడి మాట వేరు. వరదొస్తే ఎనిమిదో తరగతి పిల్లోడు మేడెక్కి టకటకమని మోర్స్ సంకేతాలు కొడతాడా? పోయిన నెల మన బడి కంప్యూటర్ గది చూడబోయాను. తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే అరగంట పట్టింది. లోపల మానిటర్ల మీద పాత దుప్పటి, కింద ఎలుకలు కొరికిన వైర్లు. వాటిని తెప్పించిన సారుకు ట్రాన్స్‌ఫర్ అయింది, అంతటితో సరి. ఈ సారు కూడా రేపు ఏ ఆదోనికో పోతే?

పదోక్లాసు నాన్న:
పిల్లలకు మార్కుల టెన్షన్ చాలదా సామీ.

చాక్‌పీసు:
నేను కడప జిల్లాలో టీచర్ని, హామ్ లైసెన్స్ ఉంది. హంద్రిగట్టు గారూ, వరదను చూపించి డబ్బు అడగకండి. పిల్లల క్లబ్బు ఊరిని కాపాడుతుందని చెప్తే రేపు మీరే ఇరుక్కుంటారు. పెద్ద సెట్టు ఇప్పుడే కొనడమూ తప్పే. ఎవరో ఒకరికి లైసెన్స్ లేకుండా దాని మీట నొక్కి మాట్లాడకూడదు. పరీక్షకు పన్నెండేళ్లు నిండితే చాలు. కింది మెట్టు లైసెన్స్ అయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు, పై మెట్టు జనరల్ గ్రేడుకే మోర్స్‌లో నిమిషానికి 8 మాటలు రావాలి. అయితే పాసయ్యాక కూడా ఢిల్లీ నుంచి కాగితం రావడానికి నాకు ఏడు నెలలు పట్టింది. అన్నాళ్లూ మీ సెట్టు ఆ దుప్పటి కిందే.

మా బడిలో మేం మాట్లాడే సెట్టు కొనకుండా, వినడంతో మొదలుపెట్టాం. మేస్త్రీలు వాడే ఉక్కు టేపు ముక్కలు కోసి, పీవీసీ పైపుకు బిగించి యాంటెన్నా చేశాం. ల్యాప్‌టాప్‌కు గుచ్చే రిసీవర్ డాంగిల్ నాలుగైదు వేలు. భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలను చప్పుడుగా మార్చి పంపుతుంటారు. అది మన నెత్తిమీదుగా పోయేది పది నిమిషాలే. తొమ్మిదో తరగతి అమ్మాయి యాంటెన్నా పట్టుకుని తిప్పుతుంటే, ఏడో తరగతి పిల్లోడు ఫోనులో దిక్కు చూసి “అక్కా కుడికి, ఇంకా కుడికి” అని ఒకటే అరుపు. కీచుమనే ఆ చప్పుడు ల్యాప్‌టాప్‌లో గీత గీతగా బొమ్మవుతుంది, ఒక్కోదానికి రెండు నిమిషాలు. సగంలో చింతచెట్టు అడ్డొచ్చి కింద భాగమంతా చుక్కలైంది. అయినా ఆ బొమ్మను ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించారు.

మార్కులన్నారు కదా. కేంద్రం మన వైపు వస్తుంటే 145.803 దగ్గర, దాటిపోతుంటే 145.797 దగ్గర వినపడుతుంది. రైలు కూత మారినట్టే. డాప్లర్ ఎఫెక్టును నేను బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా ఎక్కనిది ఆ సాయంత్రం ఎక్కింది.

నీళ్లట్యాంకు:
మేడమ్, ఇది బాగుంది. కానీ మీరు మారిపోతే?

చాక్‌పీసు:
ఆ భయం నాకూ ఉంది. అందుకే పోయినేడు ఇద్దరు పిల్లల చేత పరీక్ష రాయించాను. ఒకడే పాసయ్యాడు. వాడు పదో తరగతి, మార్చి తర్వాత వాడూ ఉండడు.

హంద్రిగట్టు:
సరే, వరద మాట వెనక్కి తీసుకుంటున్నా. డాంగిలు, పైపులు కలిపి ఎనిమిది వేలు దాటవు. మిగతాది మోటారుకే వాడుకోండి. పెద్ద సెట్టు సంగతి ఎవరైనా లైసెన్స్ తెచ్చుకున్న రోజు చూద్దాం. వచ్చే ఆదివారం ఉక్కు టేపు నేను తెస్తా. మేడ తాళం చెవి ఎవరి దగ్గరుందో నువ్వు కనుక్కో తమ్ముడూ, ఆ పని నీకు అలవాటే.