పన్ను పీకడమా, పీకించుకోవడమా? ‘ఇంచు’ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి?

హనుమకొండ నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్కారం. పోయిన వారం ఆఫీసులో జరిగింది చెప్తాను, నవ్వకండి. జ్ఞానదంతం పీకించుకోవాలి, మర్నాడు సెలవు కావాలి. కాల్‌లో అమెరికా క్లయింట్ కూడా ఉన్నారు. "ఐ యామ్ పుల్లింగ్ మై టూత్ టుమారో, సో ఐ విల్ బి ఆన్ లీవ్" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "యువర్‌సెల్ఫ్?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో కాల్ అయిపోయాక గానీ నాకు వెలగలేదు. నేను పట్టకారు పట్టుకుని అద్దం ముందు నిలబడ్డట్టు ఊహించుకున్నారన్నమాట!

తెలుగులో పీక్కోవడం వేరు, పీకించుకోవడం వేరు. ఆ ‘ఇంచు’ ఇంగ్లిష్‌లో ఎక్కడికి పోతుంది? గ్రామర్ పుస్తకం తీస్తే ‘కాజటివ్ వెర్బ్స్’ అని హ్యావ్, గెట్, మేక్, లెట్ అన్నీ ఒకే పేజీలో కుక్కేశారు. చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. ఎవరైనా తేలిగ్గా చెప్పండి.

తెనాలి నుంచి (రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్):

అమ్మా, ముందు పంటి సంగతి తేలుద్దాం. "ఐ యామ్ గెటింగ్ ఎ విజ్డమ్ టూత్ టేకెన్ అవుట్ టుమారో." ఇదీ మీరు అనాల్సిన మాట.

వరస చూడండి. ముందు గెట్ గానీ హ్యావ్ గానీ, తర్వాత పని జరిగే వస్తువు, ఆ తర్వాత బళ్లో వీ3 అని బట్టీ పట్టించే మూడో రూపం. కాలం మారితే మారేది మొదటి మాట ఒక్కటే. నిన్న పీకించుకుంటే ‘గాట్’, రేపు పీకించుకోబోతే ‘యామ్ గెటింగ్’, ‘విల్ గెట్’. చివరి ‘టేకెన్ అవుట్’ మాత్రం కదలదు. మేక్, లెట్ సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ పుస్తకం రాసినవాళ్లు నాలుగు కూరలూ ఒకే గిన్నెలో వడ్డించారు.

మనవాళ్లు తడబడేది వస్తువుని మధ్యలో పెట్టే దగ్గర. "ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్" అంటారు. "ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్" అనాలి. హ్యావ్‌తో అయితే ఈ వరస తప్పడం మరీ ప్రమాదం, ఎందుకంటే తప్పిన వాక్యం కూడా వేరే అర్థంలో ఒప్పే అవుతుంది. "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్" అంటే కటింగ్ చేయించుకున్నాను. "ఐ హ్యాడ్ కట్ మై హెయిర్" అంటే అప్పటికే నా జుట్టు కత్తిరించేసి ఉన్నాను, బహుశా నా చేత్తోనే. మాటలు అవే, చోటు మారింది, మంగలి మాయమయ్యాడు!

ఇంకో చిక్కేమిటంటే పుస్తకాలన్నిట్లో ఈ జుట్టు ఉదాహరణే ఇస్తారు. కట్‌కి మూడు రూపాలూ ఒకటే కాబట్టి చివర్లో ఉన్నది వీ3 అని పిల్లలకి తెలియనే తెలియదు. నేను క్లాసులో బ్లౌజుతో చెప్పేవాణ్ని. "షి హ్యాడ్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్", బ్లౌజు కుట్టించుకుంది. చివర ఆ ‘ఈడీ’ కంట పడితే చాలు.

సిద్దిపేట నుంచి:

సార్, నాదొక డౌట్. "మెకానిక్‌తో బండి బాగు చేయించాను" అనడానికి నేనెప్పుడూ "విత్ ద మెకానిక్" అంటాను. తప్పేనా?

తెనాలి నుంచి:

తప్పే తమ్ముడూ, కానీ తెలుగువాడు చేయాల్సిన తప్పే. మన ‘తో’ని విత్ చేసేస్తాం. ఇంగ్లిష్‌లో విత్ అంటే పనిముట్టు, లేదా పక్కనున్న మనిషి. మెకానిక్‌ని స్పానర్ చేసినట్టుంటుంది. చెప్పక తప్పనప్పుడు ‘బై ఎ మెకానిక్’ అనండి. అసలు చాలాసార్లు ఆ మనిషిని చెప్పే అవసరమే రాదు. "ఐ గాట్ మై బైక్ రిపేర్డ్" అంటే ఎవరో బాగు చేశారని అందులోనే ఉంది.

మెకానిక్కే ముఖ్యం అనుకుంటే అతన్ని మధ్యలోకి తెచ్చుకోండి. "ఐ హ్యాడ్ ద మెకానిక్ చెక్ ద బ్రేక్స్." "ఐ గాట్ ద మెకానిక్ టు చెక్ ద బ్రేక్స్." గెట్‌కి టు కావాలి, హ్యావ్‌కి అక్కర్లేదు. హ్యావ్ అంటే మామూలుగా పని చెప్పాను, చేశాడు. గెట్‌లో కొంచెం బతిమాలడమో ఒప్పించడమో ఉంటుంది, ఆదివారం షాపు మూసి ఉంటే ఇంటికెళ్లి లేపుకొచ్చినట్టు. "ఐ మేడ్ హిమ్ చెక్" అన్నారంటే మాత్రం మెడలు వంచి చేయించారని. మేడ్ తర్వాత కూడా టు రాదు. ఇంటర్వ్యూలో "ఐ మేడ్ మై టీమ్ టు వర్క్ ఆన్ వీకెండ్స్" అని గర్వంగా చెప్పిన పిల్లవాణ్ని నేను ఎరుగుదును. గ్రామరూ పోయింది, మంచి పేరూ పోయింది.

డాలస్ నుంచి:

మాస్టారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. ఇక్కడ మామూలు మాటల్లో ఈ వాక్యాన్ని కూడా కుదించేస్తారు. "ఐ గాట్ ఎ హెయిర్‌కట్." "ఐ హ్యాడ్ ఎ రూట్ కెనాల్." "మై డాడ్ హ్యాడ్ నీ సర్జరీ." మనం "డాడ్ ఆపరేటెడ్ హిజ్ నీ" అంటే నాన్నగారే కత్తి పట్టుకున్నట్టు. రక్తపరీక్ష కూడా అంతే. "ఐ డిడ్ బ్లడ్ టెస్ట్" అనకండి, ల్యాబ్‌లో పని చేస్తున్నారనుకుంటారు. "ఐ హ్యాడ్ ఎ బ్లడ్ టెస్ట్" చాలు.

ఇంకోటి, సెలూన్ నుంచి వచ్చి "ఐ కట్ మై హెయిర్" అనే అమెరికన్లు బోలెడుమంది ఉన్నారు, ఎవరూ ఏమీ అనుకోరు. కాబట్టి ఆ ఒక్క వాక్యానికి సిగ్గుపడక్కర్లేదు. పన్ను దగ్గరే నవ్వొస్తుంది, ఎందుకో చెప్పాలా!

కానీ నన్ను ముంచింది ఇవేవీ కాదు. వచ్చిన కొత్తలో ఒకరోజు పక్క సీటాయన దిగాలుగా, "ఐ హ్యాడ్ మై కార్ బ్రోకెన్ ఇంటు లాస్ట్ నైట్" అన్నాడు. నాకు హ్యావ్ అంటే చేయించుకోవడం అని నూరిపోశారు కదా. పాపం తాళంచెవి లోపల మర్చిపోయి ఎవరితోనో తలుపు తీయించుకున్నాడు కాబోలు అనుకుని, "హౌ మచ్ డిడ్ దే చార్జ్?" అని అడిగేశాను. ఆయన నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. సాయంత్రం పార్కింగ్‌లో చూస్తే కిటికీ అద్దం పగిలి సీటంతా గాజుముక్కలు. దొంగలు పడ్డార్ట.

తెనాలి నుంచి:

భలే ఉదాహరణ అందించారండీ. అదే వాక్యం, అదే వరస, కానీ అక్కడ ‘చేయించు’ లేదు. నాకు తెలియకుండా, నా ప్రమేయం లేకుండా నా నెత్తిన పడ్డదానికి కూడా వాళ్లు ఇదే వాడతారు. "షి హ్యాడ్ హర్ పర్స్ స్టోలెన్" అంటే పర్సు దొంగిలింపజేసింది అని కాదు, పోగొట్టుకుంది అని. మన ‘పోగొట్టుకోవడం’ కూడా వింతదే కదా, పోయేలా మనమే చేసినట్టు ఉంటుంది, ఎవరూ అలా అర్థం చేసుకోరు. ఏది ఏ అర్థమో సందర్భమే చెప్పాలి. మంచి పనైతే చేయించుకున్నట్టు, నష్టమైతే జరిగినట్టు అనుకుంటే నూటికి తొంభైసార్లు సరిపోతుంది.

రాజమండ్రి నుంచి:

మాస్టారూ, మరి మా పిల్లల పుస్తకంలో "కాటన్ బిల్ట్ ద ఆనికట్" అని ఉంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకి కాటన్ దొర రాళ్లు మోశాడా? కట్టించాడు కదా. ‘హ్యాడ్ ఇట్ బిల్ట్’ అని దిద్దమంటారా?

తెనాలి నుంచి:

వద్దండీ, పుస్తకం సరిగ్గానే ఉంది. పెద్ద పనులకి చేయించినవాణ్నే చేసినవాడిగా చెప్పడం ఇంగ్లిష్ అలవాటు. కులీ కుతుబ్ షా 1591లో చార్మినార్ ‘బిల్ట్’. మనమూ తక్కువేం కాదు. "ఇల్లు కట్టుకున్నాం" అంటాం, తాపీ పట్టిందెవరు?

అశోకుడు చెట్లు నాటించెను అని మనందరం చదివాం, జోకులూ వేసుకున్నాం. ఇంగ్లిష్ పాఠాల్లో ‘ప్లాంటెడ్ ట్రీస్’ అనేస్తారు. కానీ ఇప్పుడు ఢిల్లీలో ఉన్న తోప్రా స్తంభం మీది ఏడో శాసనంలో ఆయన చెప్పుకున్నది మర్రిచెట్లు నాటించాను, బావులు తవ్వించాను అనే. ప్రాకృతంలో కూడా అది ‘ఇంచు’ లాంటి రూపమే. అందుకే శ్రద్ధగా అనువదించినవాళ్లు ‘హ్యావ్ హ్యాడ్ బనియన్ ట్రీస్ ప్లాంటెడ్’ అని రాస్తారు. ఈ విషయంలో మన తెలుగు వాచకమే మూలానికి దగ్గరగా ఉంది. సరే, దారి తప్పాను.

హనుమకొండ నుంచి:

అందరికీ థ్యాంక్స్. నేను నాలుగు వాక్యాలు రాశాను, దిద్దండి సార్. కరెంటు వైరింగ్ మార్పించాం: "వి గాట్ ద వైరింగ్ చేంజ్డ్." పాపకి చెవులు కుట్టించాం: "వి హ్యాడ్ అవర్ డాటర్స్ ఇయర్స్ పియర్స్‌డ్." అన్నయ్య నన్ను ఏడిపించాడు: "మై బ్రదర్ గాట్ మీ క్రైడ్." పాపకి అన్నం తినిపించాను: "ఐ హ్యాడ్ మై డాటర్ ఈటెన్."

తెనాలి నుంచి:

మొదటి రెండూ దివ్యంగా ఉన్నాయి. మూడోది "మేడ్ మీ క్రై". ఏడుపు, నవ్వు, భయం ఇలా మనసులోంచి వచ్చేవన్నీ మేక్ వైపు వెళ్తాయి, అక్కడ బలవంతం అనే అర్థం కూడా ఉండదు. నాలుగోది మాత్రం ఎవరికీ చూపించకండి తల్లీ, పాపని ఎవరితోనో తినిపించేసినట్టుంది! తినిపించడానికి ‘ఫెడ్’ అని విడిగా మాట ఉంది. చూపించడానికి షో, నేర్పించడానికి టీచ్. అలాంటివి దొరికినప్పుడు ఈ తిప్పలేవీ వద్దు.

పనిలో పనిగా, చివర ‘ఇంచు’ కనిపించిందల్లా చేయించడం కాదు. ఆలోచించడం, ప్రేమించడం మనమే చేసుకోవాలి. ఆఖరికి కత్తిరించడం కూడా.

సిద్దిపేట నుంచి:

సార్, మా మేనేజర్ "గెట్ ఇట్ డన్ బై ఫ్రైడే" అంటాడు. నేను చేయాలా, ఇంకొకరితో చేయించాలా?

డాలస్ నుంచి:

శుక్రవారానికి అయిపోవాలి తమ్ముడూ, అంతే. ఎవరు చేశారన్నది ఆయనకి అక్కర్లేదు. అలాంటప్పుడు ‘గెట్ డన్’ అంటే పూర్తి చేయడమే. నువ్వే కూర్చుని చేసినా "గాట్ ఇట్ డన్" అనొచ్చు.

తెనాలి నుంచి:

హనుమకొండ అమ్మా, ఇంతకీ పన్ను ఎలా ఉంది?

హనుమకొండ నుంచి:

వాపు తగ్గింది సార్. ఇడ్లీ తినగలుగుతున్నాను. కుట్లు తీయించుకోవడానికి మళ్లీ వెళ్లాలి, ఇందాకే ఆఫీసు గ్రూప్‌లో పెట్టాను: "గెటింగ్ మై స్టిచెస్ టేకెన్ అవుట్ ఆన్ ఫ్రైడే, విల్ బి లేట్." ఆ క్లయింట్ బొటనవేలు ఎత్తి, పక్కన "నాట్ బై యువర్‌సెల్ఫ్, ఐ హోప్" అని రాశాడు. ఇంకా మర్చిపోలేదు ఆయన.