బారెట్ ఈసోఫాగస్: మంట పూర్తిగా తగ్గాక కూడా మళ్లీ ఎండోస్కోపీ అవసరమా?

ప్రశ్న (చిత్తూరు నుంచి):
మా నాన్నగారికి 61 ఏళ్లు. పదిహేనేళ్లకు పైగా గుండెమంట, పుల్లటి త్రేన్పులు ఉన్నా మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలతోనే నెట్టుకొచ్చారు. మూడేళ్ల కిందట తిరుపతిలో ఎండోస్కోపీ చేయిస్తే, అన్నవాహిక అడుగున నాలుగు సెంటీమీటర్ల మేర పొర మారిందని, బయాప్సీలో అది బారెట్ ఈసోఫాగస్ అని తేలిందని, డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కు దారితీయగల కణాల మార్పు) మాత్రం లేదని చెప్పారు. అప్పటి నుంచి రోజూ పరగడుపున ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర వేసుకుంటున్నారు. ఇప్పుడు సంగటి, ఊరిబిండి తిన్నా మంట రావడం లేదు. డాక్టరుగారు మళ్లీ ఎండోస్కోపీకి రమ్మన్నారు. మొదటిసారి మత్తు లేకుండా చేయడంతో డోకులతో చాలా అవస్థపడ్డ నాన్నగారు, బాగున్న గొంతులో గొట్టం ఎందుకని ససేమిరా అంటున్నారు. ఆయనకు ఏమని నచ్చజెప్పాలి?

జవాబు (తిరుపతి నుంచి):
నేను చాలా ఏళ్లుగా ఎండోస్కోపీ గదిలో నర్సుగా పనిచేస్తున్నాను. మంట పోయిందంటే మాత్ర ఆమ్లాన్ని అణిచిందని మాత్రమే అర్థం. మారిన పొర మామూలు స్థితికి వచ్చిందని కాదు. పేగు పొరను పోలిన ఆ కొత్త పొరకు ఆమ్లం తగిలినా నొప్పి అంతగా తెలియదు కాబట్టి, నిజానికి మంటను కొలబద్దగా పెట్టుకోవడమే ప్రమాదం. తెరపై చూస్తే, పాలిపోయిన గులాబీ పొర మీదికి ఎర్ర జామపండు గుజ్జు రంగులో నాలుకల్లాగా పాకిన మేరలు కనిపిస్తాయి. అయితే డిస్‌ప్లేసియా మొదలయిందా లేదా అన్నది చాలాసార్లు కంటికి అందదు. అందుకే ప్రతి రెండు సెంటీమీటర్లకూ నాలుగు వైపుల నుంచి చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపుతారు. డిస్‌ప్లేసియా లేనప్పుడు, పొర పొడవు మూడు సెంటీమీటర్ల లోపైతే ఐదేళ్లకు, మూడు లేదా అంతకు మించితే మూడేళ్లకు మళ్లీ చూడాలని అమెరికా జీర్ణకోశ వైద్యుల 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ డాక్టరుగారు చెప్పిన గడువు సరిగ్గా అదే. ఈ పొర ఉన్నవారిలో అత్యధికులకు క్యాన్సర్ రాదని కూడా నాన్నగారికి తప్పక చెప్పండి. ఆయన్ను భయపెట్టి తీసుకురావడం నాకు ఇష్టం లేదు.

జవాబు (పలమనేరు నుంచి):
మా అన్నగారిదీ ఇదే జబ్బు. మొదట చేయించిన చోట రిపోర్టులో ‘బారెట్’ అన్న ఒక్క మాట రాసి వదిలేశారు. పొడవు లేదు, ఎన్ని ముక్కలు తీశారో లేదు. రెండేళ్ల తర్వాత మరో డాక్టరుగారు పాత కాగితం ముందు పెట్టుకుని, పొర పెరిగిందో లేదో పోల్చడానికి ఆధారమే లేదని బాధపడ్డారు. కాబట్టి రిపోర్టులో సి, ఎం అంకెలు రాయమని అడగండి. పొర చుట్టూతా ఎంత ఎత్తుకు మారిందో సి చెబుతుంది, అన్నిటికంటే పొడవైన నాలుక ఎంతవరకు పాకిందో ఎం చెబుతుంది. పరీక్ష ఉందని పాంటోప్రజోల్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. ఆపితే ఆమ్లం వల్ల పొరకు వాపు రావచ్చు, ఆ వాపు బయాప్సీలో డిస్‌ప్లేసియాలాగా భ్రమింపజేస్తుంది. ఒకవేళ డిస్‌ప్లేసియా అని వస్తే, ఆ ముక్కల స్లైడ్లను ఇంకొక పాథాలజిస్టుకు (కణాలను సూక్ష్మదర్శినిలో పరీక్షించే డాక్టరుకు) కూడా చూపించాలి.

జవాబు (తిరుపతి నర్సు, మళ్లీ):
డోకుల భయానికి ఉపాయం ఉంది. గొంతులో లిగ్నోకెయిన్ స్ప్రే కొట్టి, నరానికి మత్తు మందు ఇచ్చి, ఎడమ పక్కకు పడుకోబెడతారు. మత్తు కావాలని ముందే అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి దాచవద్దు. మత్తు ఇస్తే ఆ రోజు ఆయన బండి నడపకూడదు, వెంట ఒకరు ఉండాలి. ముద్ద దిగకపోవడం, బరువు తగ్గడం, మలం నల్లగా రావడం కనిపిస్తే మాత్రం గడువు కోసం ఆగకుండా వెంటనే తీసుకురండి.

ప్రశ్న అడిగినవారు:
మీ జవాబులు నాన్నగారికి చదివి వినిపించాను. జామపండు రంగు మాట దగ్గర ఆగి, “అయితే నాలోపల అది ఇంకా అట్లే ఉందా?” అని అడిగారు. మత్తు ఇస్తారంటే వస్తానన్నారు. పాత రిపోర్టు తీసి చూస్తే ఎం 4 అని ఉంది. దాన్నీ వెంట తీసుకెళ్తున్నాము.