విండోస్ మళ్లీ వేస్తుంటే మధ్యలో ఆగిపోతోంది: తప్పు పెన్‌డ్రైవ్‌దా, పాత హార్డ్‌డిస్క్‌దా?

వెన్నెలదారి

మా బాబాయి ల్యాప్‌టాప్ గురించి అడుగుతున్నాను. ఏ వివరం పనికొస్తుందో నాకు తెలియదు కాబట్టి జరిగిందంతా రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

2014లో కొన్న ల్యాప్‌టాప్. 500 జీబీ హార్డ్‌డిస్క్, 5400 ఆర్‌పీఎం, 4 జీబీ ర్యామ్. ఈ మధ్య బటన్ నొక్కాక డెస్క్‌టాప్ కనిపించడానికి పావుగంట పడుతోంది. ఫోల్డర్ తెరిస్తే విండో తెల్లబడి అలాగే ఉండిపోతుంది. వైరస్ అయినా ఉండాలి, విండోస్ అయినా పాడై ఉండాలి అనుకుని, "ఫ్రెష్‌గా వేసిస్తాను బాబాయ్" అని మాటిచ్చి తెచ్చుకున్నాను. సీ డ్రైవ్‌ను క్విక్ ఫార్మాట్ చేసి విండోస్ 10 ఇన్‌స్టాల్ మొదలుపెట్టాను. డీ డ్రైవ్ జోలికి పోలేదు.

మొదటిసారి ఫైళ్లు కాపీ అవుతూ 37 శాతం దగ్గర ఆగింది. నలభై నిమిషాలు అలాగే ఉండి 0ఎక్స్80070570 ఎర్రర్ ఇచ్చింది. ఏదో ఫైల్ పాడైంది లేదా కనబడటం లేదు అని దాని సారాంశం. ఐఎస్‌ఓ (విండోస్ సెటప్ అంతా ఉండే ఫైల్) మళ్లీ డౌన్‌లోడ్ చేసి, వేరే పెన్‌డ్రైవ్ మీద రూఫస్ అనే ప్రోగ్రాంతో రాసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి 61 దగ్గర అదే ఎర్రర్. మూడోసారి 44. పెన్‌డ్రైవ్ పాడైతే ప్రతిసారీ ఒకే చోట ఆగాలి కదా అనిపించి, లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డిస్క్ ఆరోగ్యం చూపించే జీస్మార్ట్‌కంట్రోల్‌లో వివరాలు చూశాను. అవి ఇవి:

పవర్ ఆన్ అవర్స్ (9): 21,340
రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్ (5): 112
కరెంట్ పెండింగ్ సెక్టార్ (197): 48
ఆఫ్‌లైన్ అన్‌కరెక్టబుల్ (198): 48
యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ (199): 0

అయినా పైన పచ్చరంగులో 'పాస్‌డ్' అనే చూపిస్తోంది. పాసైతే ఈ అంకెలేంటి?

నా అసలు టెన్షన్ డీ డ్రైవ్ గురించి. బాబాయి పదకొండేళ్లుగా తీసిన పక్షుల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, 210 జీబీ. వాటితో పాటు ఏ రోజు, ఏ చెట్టు మీద, ఏ పిట్ట ఏం చేస్తుండగా చూశారో రాసుకున్న డైరీ ఫైల్. ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో బ్యాకప్ ఉందనుకున్నాం. తెరిచి చూస్తే 2019 వరకే ఉంది. బాబాయికి ఈ మాట ఇంకా చెప్పలేదు.

ఫుల్ ఫార్మాట్ చేస్తే సీ డ్రైవ్ బాగుపడుతుందా? ముందు ఏం చేయాలి?

నీలిమబ్బు

నాకూ ఇలాగే అయింది. సెటప్ స్క్రీన్ మీద షిఫ్ట్ ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో రెండు డ్రైవ్‌ల మీదా చెక్‌డిస్క్ 'ఆర్' ఆప్షన్‌తో నడపండి. బ్యాడ్ సెక్టార్లను, అంటే డిస్క్ మీద డేటా పడే చిన్న గదుల్లో పాడైనవాటిని, గుర్తుపెట్టి పక్కన పెడుతుంది. తర్వాత సీ డ్రైవ్‌ను క్విక్ కాకుండా మామూలుగా ఫార్మాట్ చేసి ఇన్‌స్టాల్ చేయండి. నా డిస్క్ ఆ తర్వాత రెండేళ్లు పనిచేసింది.

పాతచక్రం

వెన్నెలదారి గారూ, ముందు ఆ ల్యాప్‌టాప్ ఆపేయండి. చెక్‌డిస్క్ వద్దు, నాలుగో ఇన్‌స్టాల్ ప్రయత్నమూ వద్దు. నీలిమబ్బు గారు మంచి మనసుతోనే చెప్పారు. డీ డ్రైవ్ ఖాళీగా ఉండుంటే నేనూ కాదనేవాణ్ని కాదు. కానీ చెక్‌డిస్క్ చూసుకునేది ఫైల్ సిస్టమ్ సవ్యంగా ఉందా లేదా అన్నదే. మీ ఫొటోలు దక్కడం దాని పని కాదు. చదవలేని చోట ఫోల్డర్ ఎంట్రీలనే తీసేయగలదు, ముక్కల్ని ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పడేయగలదు. పైగా ఈ మార్పులన్నీ చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీదే రాస్తుంది. అలా రాసినదాన్ని వెనక్కి తీసుకోలేం.

'పాస్‌డ్' సంగతి. ప్రతి అంశానికీ తయారీదారు ఒక హద్దు పెడతాడు. అసలు అంకెను కుదించి లెక్కగట్టిన విలువ ఆ హద్దు కిందికి పోతేనే 'ఫెయిల్' చూపిస్తుంది. 112 సెక్టార్లు పోయినా ఆ విలువ పెద్దగా కదలకపోవచ్చు. అందుకే ఆ పచ్చరంగును నమ్మకండి, ముడి అంకెల్నే చూడండి.

5వ నంబరు డిస్క్ ఇప్పటికే వదిలేసుకుని, దాచిపెట్టుకున్న స్పేర్ సెక్టార్లతో మార్చుకున్నవాటి లెక్క. 197 చదవబోతే చదవలేక, ఏం చేయాలో ఇంకా తేల్చుకోని సెక్టార్ల లెక్క. మనకు భయం ఈ 48తోనే, ఎందుకంటే వాటిలో ఏదో డేటా ఉండొచ్చు. 199 సున్నా ఉంది కాబట్టి కేబుల్‌ని అనుమానించక్కర్లేదు.

ఇన్‌స్టాల్ ప్రతిసారీ వేరే చోట ఎందుకు ఆగుతోందంటే, హార్డ్‌డిస్క్ మామూలుగా రాసిన వెంటనే సరిగ్గా పడిందో లేదో చదివి చూసుకోదు. బలహీనమైన చోట రాసేసి 'అయింది' అంటుంది. కాసేపటికి సెటప్ ఆ ఫైల్ తెరవబోతే అది చదవడానికి రాదు. క్విక్ ఫార్మాట్ కూడా సెక్టార్లను పరీక్షించదు, కొత్త పట్టిక రాసి ఊరుకుంటుంది. విస్టా కాలం నుంచి ఫుల్ ఫార్మాట్ డ్రైవ్ అంతా సున్నాలు రాస్తుంది. దాంతో పెండింగ్ అంకె తగ్గి డిస్క్ బాగైనట్టు కనిపిస్తుంది, నెలకో రెండు నెలలకో మళ్లీ మొదటికొస్తుంది. అదే ఎర్రర్ చెడిపోయిన ర్యామ్ వల్ల కూడా వస్తుంది. ఫొటోలు బయటపడ్డాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపి ఆ అనుమానమూ తీర్చుకోండి.

గూగుల్ ఇంజినీర్లు 2007లో లక్షకు పైగా డిస్కుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఉపరితలాన్ని స్కాన్ చేసినప్పుడు మొదటి ఎర్రర్ కనబడ్డ డిస్కులు, ఆ ఎర్రర్ లేనివాటికంటే రాబోయే 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో, చెడిపోయినవాటిలో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సంకేతాల్లో (మీరు చూసిన అంకెల్లాంటివే) ఒక్కటీ చూపలేదు. మీ డిస్క్ ముందే చెప్పింది, అదొక అదృష్టం.

ఇప్పుడు చేయాల్సింది. సీ ఎలాగూ ఫార్మాట్ అయిపోయింది, దానికోసం డిస్క్‌ను అరగదీయొద్దు. డీ పార్టిషన్‌ను మాత్రమే ఇమేజ్ తీయండి, అంటే మొత్తాన్ని ఒకే పెద్ద ఫైల్‌గా అచ్చు నకలు తీయడం. దానికి డీ మొత్తం సైజు కంటే ఎక్కువ ఖాళీ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ కావాలి. అది ఎఫ్ఏటీ32లో ఉండకూడదు, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. లైనక్స్ లైవ్‌లో, చెడిపోతున్న డిస్కుల నుంచి డేటా లాగే గ్నూ డీడీరెస్క్యూ వాడండి. ఫైల్ మేనేజర్‌లో డీ మీద క్లిక్ చేసి మౌంట్ చేయొద్దు, అంటే తెరవొద్దు.

డీడీరెస్క్యూ గొప్పతనమంతా మ్యాప్‌ఫైల్‌లో ఉంది. ఎక్కడ చదివింది, ఎక్కడ వదిలేసింది అందులో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, మీరే ఆపినా, అక్కడి నుంచే మొదలవుతుంది. మ్యాప్‌ఫైల్ ఇవ్వకుండా మాత్రం నడపకండి. మొదటి విడతలో 'ఎన్' ఆప్షన్ పెట్టండి, మొండి చోట్లను గోకకుండా దాటేసి తేలిగ్గా వచ్చేదంతా ముందు తెచ్చేస్తుంది. రెండో విడతలో ఆ ఆప్షన్ తీసేసి, డిస్క్ నుంచి నేరుగా చదివే 'డీ' అనే ఆప్షన్ పెట్టి, మూడుసార్లు ప్రయత్నించమనండి.

ఎంటర్ నొక్కే ముందు ఏది మూలమో, ఏది గమ్యమో మోడల్ పేరు, సైజు చూసి రెండుసార్లు సరిచూసుకోండి. లైనక్స్ డిస్కులకు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లను నమ్ముకుని తారుమారు చేసి అంతా పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఛార్జర్ పెట్టండి, స్లీప్ ఆపేయండి, కింద గాలి ఆడనివ్వండి. టక్ టక్ మని చప్పుడు మొదలైతే అక్కడితో పవర్ తీసేయండి. అప్పుడు రికవరీ ల్యాబ్ తప్ప దారి లేదు. డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, లోపల చెమ్మ పడుతుంది.

నీలిమబ్బు

పాతచక్రం గారూ, నేను చేసినప్పుడు నా డిస్క్‌లో దాచుకోవాల్సినదేమీ లేదు. ఆ తేడా ఆలోచించకుండా చెప్పాను. వెన్నెలదారి గారూ, నా సలహా వదిలేసి ఆయన చెప్పినట్టే చేయండి.

వెన్నెలదారి

మెసేజ్ చూసిన వెంటనే ఆపేశాను. స్నేహితురాలి దగ్గర 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసుకుని నిన్న సాయంత్రం మొదలుపెట్టాను. డీ పార్టిషన్ 365 జీబీ.

మొదటి విడత గంటన్నరలో అయిపోయింది. దాదాపు అంతా వచ్చేసి, కొన్ని చిన్న చోట్లు మిగిలాయి. రెండో విడత మొదలవగానే వేగం సున్నాకి పడిపోయింది. నిమిషాలపాటు ఒక్క బైటూ కదల్లేదు. హ్యాంగ్ అయిందేమో అనిపించింది, అయినా తీసేయలేదు. రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే చదవలేకపోయినది 61,440 బైట్లు, అంటే 512 బైట్ల సెక్టార్లు 120. 365 జీబీలో అంతే! పెండింగ్ అంకె మాత్రం 48 నుంచి 136కి పెరిగింది. చదివేకొద్దీ కొత్తవి బయటపడ్డాయి.

ఇప్పుడు ఆ 120 సెక్టార్లలో ఏ ఫొటోలు ఉన్నాయో ఎలా తెలుసుకోవాలి? వేల ఫొటోలు ఒక్కొక్కటీ తెరిచి చూడాలా?

అక్షరగూడు

అక్కర్లేదండి. ముందు ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసుకోండి, అసలుది ముట్టుకోవద్దు. డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ అని ఉంది. మ్యాప్‌ఫైల్ చూసి, చదవలేని చోట్లన్నింటినీ మీరిచ్చిన ఒక గుర్తు పదంతో నింపుతుంది. మామూలుగా ఏ ఫైల్‌లోనూ ఉండని పొడుగాటి పదం ఎంచుకోండి. తర్వాత ఆ కాపీని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, ఆ పదం ఏ ఫైళ్లలో ఉందో గ్రెప్ అనే కమాండ్‌తో వెతికించండి. దెబ్బతిన్నవాటి జాబితా వస్తుంది. జాబితాలో లేనివన్నీ క్షేమం.

వెన్నెలదారి

ఆరు ఫైళ్లు! ఒకటి థంబ్‌నెయిల్స్ ఫైల్, అది పోయినా ఫర్వాలేదు. నాలుగు జేపెగ్‌లు కింది సగం బూడిదరంగు అయిపోయాయి. వాటిలో రెండు 2019కి ముందువి, పాత బ్యాకప్‌లో బాగానే ఉన్నాయి. మిగతా రెండూ ఒకే పిట్టను వరసగా తీసిన ఫొటోల్లోవి, పక్కవి ఉన్నాయి. డైరీ ఫైల్‌లో ఒక్క అక్షరం పోలేదు.

ఆరోది మాత్రం బాధగా ఉంది. లకుముకిపిట్ట నోట్లో చేపతో గూటి రంధ్రం ముందు వాలబోతున్న ఫొటో. అది రా ఫైల్ (కెమెరా మూల ఫైల్) ఒక్కటే ఉంది, జేపెగ్ లేదు. తెరిస్తే ఎర్రర్ వస్తోంది. దానికోసం బాబాయి మూడు వారాలు పొద్దున్నే వెళ్లి కూర్చున్నారు.

ఇక ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ కొంటున్నాను. ఏది సరిపోతుంది, ఏ ఓఎస్ వేయాలి?

పాతచక్రం

ఆ కాలపు ల్యాప్‌టాప్ కాబట్టి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. ఇప్పటివి 7 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. మీ పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లదైతే కొత్తది లోపల కదలకుండా ఒక ప్లాస్టిక్ ఫ్రేమ్ పెట్టాలి, కొన్నిటితో అది పెట్టెలోనే వస్తుంది. బాబాయి గారి ఫొటోలు పెరుగుతాయి కదా, 1 టీబీది చూడండి.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. 2014 ల్యాప్‌టాప్ విండోస్ 11 అడిగే ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రతా చిప్) నిబంధనల దగ్గరే ఆగిపోతుంది. ఫొటోలు, డైరీ, బ్రౌజర్ వరకే అయితే నేను లైనక్స్ మింట్ వేస్తాను. ఫొటోలు సర్దుకోవడానికి డిజికామ్ బాగుంటుంది. వీలైతే ర్యామ్ కూడా 8 జీబీ చేయండి.

పాత డిస్క్‌ను మాత్రం దేనికీ వాడకండి. సినిమాలు పెట్టుకోవడానికైనా సరే, వద్దు. 136 పెండింగ్ ఉన్న డిస్క్ అది. అన్ని ఫొటోలూ రెండు చోట్ల పడ్డాయని నిర్ధారణ అయ్యాకే పారేయండి.

అక్షరగూడు

ఆ లకుముకిపిట్ట ఫైల్‌ను అప్పుడే వదిలేయకండి. కెమెరాలు సాధారణంగా రా ఫైల్ లోపలే ఒక జేపెగ్ ప్రివ్యూ కూడా దాస్తాయి, కెమెరా వెనక స్క్రీన్ మీద చూపించడానికి. చాలా కెమెరాల్లో అది పూర్తి సైజులోనే ఉంటుంది. దెబ్బ తగిలింది రా డేటా భాగానికైతే ప్రివ్యూ చెక్కుచెదరకుండా ఉండొచ్చు. ఫొటో ఫైళ్ల లోపలి వివరాలు చదివే ఎగ్జిఫ్‌టూల్‌తో దాన్ని బయటికి తీయండి. జేపీజీ ఫ్రమ్ రా, ప్రివ్యూ ఇమేజ్ అని రెండు ట్యాగులు ఉంటాయి, రెండూ ప్రయత్నించండి.

వెన్నెలదారి

వచ్చింది! ప్రివ్యూ ఇమేజ్ ట్యాగ్‌తో వివరమేమీ కనిపించని చిన్న బొమ్మ వచ్చింది గానీ, జేపీజీ ఫ్రమ్ రా తో పూర్తి సైజు ఫొటో బయటపడింది. చేప పొలుసులు కూడా లెక్కపెట్టొచ్చు.

మెమ్‌టెస్ట్ నాలుగు విడతలు నడిపాను, ర్యామ్‌లో తప్పు లేదు. ఎస్‌ఎస్‌డీ పెట్టి, నేను అనుమానించిన మొదటి పెన్‌డ్రైవ్ మీదే మింట్ రాసి వేశాను. పావుగంటలోపే అయిపోయింది.

నిన్న బాబాయికి జరిగిందంతా చెప్పాను, బ్యాకప్ 2019 దగ్గర ఆగిన సంగతితో సహా. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లకుముకిపిట్ట ఫొటో తెరవమన్నారు. డైరీలో ఆ రోజు పేజీ కూడా తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఇప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి ప్రతి ఆదివారం తనంతట తాను కాపీ అయ్యేలా ఎలా పెట్టాలో అడుగుతున్నారు. మింట్‌లో ఆర్‌సింక్‌తో చేయొచ్చని చదివాను. పాతచక్రం గారూ, అక్షరగూడు గారూ, దానికి మీరు ఏం వాడతారో చెబుతారా?