‘ది గ్రూవ్ ట్యూబ్’ (1974) ఇప్పుడు చూసినవారు ఎక్కడ నవ్వారు?

రీలుపెట్టె:
కెన్ షపీరో తీసిన ఈ సినిమాను నిన్న రాత్రి మొదటిసారి చూశాను. కథంటూ ఏమీ లేకుండా, ఎవరో ఛానళ్లు మారుస్తూ పోతున్నట్టుగా వార్తలు, ప్రకటనలు, పిల్లల కార్యక్రమం వరుసగా వచ్చి వెళ్తాయి. 1968 నాటి అంతరిక్ష సినిమా ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ని అనుకరిస్తూ వానరాలు టీవీ పెట్టెను కనుగొనే ప్రారంభానికి బాగా నవ్వాను. ఆ తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు. లోపం సినిమాదో నాదో తేలక అడుగుతున్నాను.

న్యూజెర్సీ వాసి:
రీలుపెట్టె గారూ, నేను చదువుకోవడానికి ఇక్కడికి వచ్చిన కొత్తలో అమెరికన్ మిత్రుడి గదిలో దీన్ని వీడియో క్యాసెట్టులో చూశాను. వంటల ప్రకటన రాగానే అతను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నేను మొహమాటానికి నవ్వాను. తన చిన్నతనంలో క్రాఫ్ట్ కంపెనీ ప్రకటనల్లో మనిషి ముఖం కనబడకుండా రెండు చేతులు మాత్రమే వంట చేస్తుంటే, వెనక నుంచి ఒక గొంతు నింపాదిగా వివరించేదని అతను చెప్పాక గాని విషయం బోధపడలేదు. సినిమాలో కంపెనీ పేరు క్రాంప్. చేతులు అవే, మర్యాద అదే, కాని గొంతు చెప్పుకుపోయే వేగాన్ని అందుకోలేక పదార్థాలు బల్లంతా చిందిపోతాయి. అసలు ప్రకటన చూడనివారికి అది కేవలం వంటగదిలో గందరగోళం.

అంతరాయానికి చింతిస్తున్నాము:
అదే అసలు సంగతి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. మనం పెట్టె ముందు చాప పరుచుకుని కూర్చోకముందే వాళ్లకు టీవీ మీద విసుగు పుట్టి, దాన్ని ఎగతాళి చేసే దశ వచ్చేసింది. అయితే సొంత గొప్పలు చెప్పుకునే పెద్ద కంపెనీల ప్రకటనలను వెక్కిరించే ‘బ్రౌన్ 25’ భాగం నాకు ఏ వివరణా లేకుండానే అర్థమైంది. యంత్రంలోంచి మలంలా కనిపించే గోధుమరంగు ముద్ద జారుతున్నప్పుడు కూడా వ్యాఖ్యాత గొంతులో గాంభీర్యం సడలకపోవడమే అందులోని హాస్యం, ముద్ద కాదు.

పాతసరుకు:
నేను అంత ఉదారంగా ఉండలేను. మత్తుమందులు అమ్మే ఇద్దరి మీద నడిచే ‘ది డీలర్స్’ భాగాన్ని సాగదీశారు. బూతు ఉంటే చాలు సాహసమేనన్న ఆనాటి నమ్మకం చాలాచోట్ల కనిపిస్తుంది.

న్యూజెర్సీ వాసి:
సాగదీశారన్న మాట నిజమే. కాని ఇది సినిమాగా పుట్టలేదు. న్యూయార్క్‌లోని ఈస్ట్ విలేజ్‌లో ‘ఛానల్ వన్’ పేరుతో టీవీ తెరల మీద వీడియో టేపులుగా చూపించిన ప్రదర్శన ఇది. షపీరో స్వయంగా చిన్నప్పుడు హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ టీవీ కార్యక్రమంలో నటించినవాడు కనుక ఇంటిగుట్టు తెలిసినవాడి వెక్కిరింత ఇది. ఇందులో నటించిన చెవీ చేజ్ మరుసటి ఏడాది, అంటే 1975 అక్టోబరులో మొదలైన టీవీ హాస్య కార్యక్రమం ‘సాటర్డే నైట్ లైవ్’లో ఉత్తుత్తి వార్తలు చదివి పేరు తెచ్చుకున్నాడు. అలాంటి వార్తలను ఏళ్ల తరబడి వారం వారం చూసిన కళ్లకు, ఇందులోని వార్తల భాగం పాతబడినట్టు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

రీలుపెట్టె:
వివరణకు కృతజ్ఞతలు. చివర్లో షపీరో మన్‌హటన్ కాలిబాట మీద చేసే నృత్యం మాత్రం ఏ ప్రకటనతోనూ పనిలేకుండా నాకు నచ్చింది. కోకో అనే విదూషకుడి భాగం గురించి ఎవరూ రాయలేదేమి?

అంతరాయానికి చింతిస్తున్నాము:
నేను కావాలనే దాటవేశాను. పెద్దవాళ్లను గదిలోంచి పంపించేయమని పిల్లలకు ముద్దుముద్దుగా చెప్పి, వాళ్లు వెళ్లారనుకున్నాక అతను 18వ శతాబ్దపు శృంగార నవల ‘ఫానీ హిల్’ తీసి చదువుతాడు. ఆ సమయానికి మా హాల్లో మా అత్తగారు పక్క కుర్చీలో కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తున్నారు. పెద్దవాళ్లు వెళ్లాలన్న ముక్క ఆవిడకు అర్థమైంది గాని, లేవలేదు. రిమోట్ దొరకక నేనే లేచి వెళ్లి ప్లగ్గు పీకేశాను.