వాల్వు టెస్టర్ కొనాలంటే ఏ రకం మేలు?

తణుకు రేడియో: మా నాన్నగారు తణుకులో రేడియోలు బాగు చేసేవారు. ఆయన పోయాక రేకు పెట్టె తెరిస్తే నూట ఎనభైకి పైగా వాల్వులు, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు, ఉన్నాయి. చాలా వరకు బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి ఈసీసీ83, ఈఎల్84 రకాలు. బాగున్నవి నా ఆంప్లిఫయర్‌కు ఉంచుకుని మిగతావి అమ్ముదామని ఉంది. రెండు పాత టెస్టర్లు బేరానికి వచ్చాయి. ఒకటి ఎమిషన్ మాత్రమే చూసే ఐకో 625, రెండోది అమెరికా సైన్యం వాడిన టీవీ-7. ఏది తీసుకోమంటారు?

వశిష్ఠ గట్టు: టీవీ-7, రెండో ఆలోచన వద్దు. వాల్వులో క్యాథోడ్ ఎలక్ట్రాన్లు వదులుతుంది, ప్లేటు అందుకుంటుంది, మధ్యలో గ్రిడ్ అనే జాలి వాటిని అదుపు చేస్తుంది. ఎమిషన్ టెస్టర్ గ్రిడ్లన్నిటినీ ప్లేటుకు కలిపేసి వాల్వును డయోడ్‌గా, అంటే కరెంటును ఒకే వైపు పోనిచ్చేదిగా, మార్చి చూస్తుంది. క్యాథోడ్‌లో సత్తువ ఉందో లేదో చెబుతుంది, అంతే. గ్రిడ్ మాట ప్లేటు వింటోందా అన్నది దానికి తెలియదు. ఆంప్లిఫయర్‌కు కావలసింది అదే కదా! గ్రిడ్ మీద ఒక వోల్టు మారితే ప్లేట్ కరెంటు ఎంత మారుతుందో చూడాలి. మంచి ఈఎల్84లో 11 మిల్లీ ఆంపియర్లకు పైగా మారుతుంది, ఈసీసీ83లో 1.6. టీవీ-7 చూసేది ఇదే. ఈ లెక్క చూడని టెస్టర్ దండగ.

పాలకొల్లు మైకుసెట్: రెండూ వద్దు. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకు, తీర్థాలకు వాల్వు సెట్లు నడిపాను, టెస్టర్ కొనలేదు. గాజు లోపలి వెండి పూత తెల్లబడితే గాలి దూరినట్టు, పారేయండి. తెల్లబడకపోతే సెట్టులో పెట్టి క్యాథోడ్ రెసిస్టర్ మీద వోల్టేజీ కొలవండి. ఎంత కరెంటు లాగుతోందో అదే చెబుతుంది. పెన్సిలుతో మెల్లగా తట్టండి, స్పీకర్‌లో గలగలమంటే పక్కన పెట్టండి. వాల్వు పని చేయాల్సింది ఆంప్లిఫయర్‌లో గానీ టెస్టర్‌లో కాదు.

రావులపాలెం: టీవీ-7లో 83 అనే రెక్టిఫయర్ వాల్వు (ఏసీని డీసీగా మార్చేది) ఉంటుంది, అందులో పాదరసం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆలోచించండి. దాన్ని తీసేసి డయోడ్లు పెట్టుకోవచ్చు.

వశిష్ఠ గట్టు: దయచేసి ఆ పని చేయకండి. 83లో దాదాపు 15 వోల్టులు తగ్గుతాయి, డయోడ్‌లో ఒక వోల్టు కూడా సరిగా తగ్గదు. ఆ తేడా సరిచేయకుండా డయోడ్లు పెడితే ప్లేట్ వోల్టేజీ పెరుగుతుంది, నీరసించిన వాల్వుకు కూడా మీటరు ముల్లు బాగా లేస్తుంది. ఇలా మార్చిన టెస్టర్లతో కొలిచి అమ్మేవాళ్ల వల్లే అందరికీ చెడ్డపేరు.

పాలకొల్లు మైకుసెట్: ముల్లు సంగతికే వస్తున్నాను. అది 115 వోల్టుల పెట్టె. సాయంత్రమైతే చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒక్కసారిగా తిరుగుతాయి, మా వీధిలో 230 రావలసిన చోట 190 వస్తుంది. ఆ ముల్లును ఏం నమ్మమంటారు?

వశిష్ఠ గట్టు: ట్రాన్స్‌ఫార్మర్‌తో 115కు దించుకుంటాం. ఆపైన హెచ్చుతగ్గులు సర్దడానికి లైన్ నాబ్ ఉంది. ప్రతి వాల్వుకూ ముందు దాన్ని సరిచేయాలి. చేయనివాళ్ల తప్పును టెస్టర్ మీద వేయకండి బాబాయ్ గారూ.

కోనసీమ కొబ్బరి: మళ్లీ 83 దగ్గరికే వచ్చారు. అడిగినాయన ఎటు పోయారు?

పాలకొల్లు మైకుసెట్: తప్పెవరిదో చెబుతాను. రెండేళ్ల కిందట ఈఎల్34 వాల్వుల జత కొన్నాను. అట్టపెట్టె మీద చీటీ: "85, 85, జత." నూటికి 85 అనుకున్నాను. కనుమ నాడు తీర్థంలో సెట్టు మీద 430 వోల్టులు. గంట గడవకముందే ఒక వాల్వు ప్లేటు చెర్రీ పండులా ఎర్రబడింది, ఫ్యూజు పోయింది. హరికథ మధ్యలో ఆగిపోయింది. ఊరందరి ముందు తల దించుకుని నిలబడ్డాను.

వశిష్ఠ గట్టు: 85 శాతం కాదండీ. టీవీ-7 మీటరు మీద 0 నుంచి 120 దాకా గీతలుంటాయి. ఒక్కో వాల్వుకు కనీస అంకె చార్టులో వేరుగా ఉంటుంది, దానితో పోల్చి చూడాలి. ఆ మాత్రం తెలియకుండా కొంటే...

పాలకొల్లు మైకుసెట్: కనీస అంకె చీటీ మీద ఎందుకు రాయలేదు? చీటీ ఇంకా నా దగ్గరే ఉంది తమ్ముడూ. ఆ దస్తూరి మీ చేతిదే, అమ్మింది మీరే.

వశిష్ఠ గట్టు: అంటే ఇంతసేపూ మీ కోపం టెస్టర్ మీద కాదు, నా మీద. అప్పుడే ఒక్క ఫోను చేసి ఉంటే?

పాలకొల్లు మైకుసెట్: చేస్తే నా సెట్టులో బయాస్ (గ్రిడ్ మీద పెట్టే వోల్టేజీ) తప్పంటారు.

వశిష్ఠ గట్టు: అనేవాణ్ణే, ఒప్పుకుంటున్నాను. నిన్న మీ మాట చదివాక ఆలోచించాను. టీవీ-7లో ప్లేటు మీద ఉండేది సుమారు 150 వోల్టులు. వాల్వు లోపల కాస్త గ్యాస్ మిగిలి ఉంటే అక్కడ బయటపడకపోవచ్చు, 430 దగ్గర బయటపడుతుంది. పైగా ముల్లు ఒకే అంకె చూపినంత మాత్రాన రెండు వాల్వులూ ఒకే కరెంటు లాగాలని లేదు. "జత" అని నేను రాయకూడదు. ఆ రెండో వాల్వు పంపండి, డబ్బు మొత్తం తిరిగి ఇస్తాను.

పాలకొల్లు మైకుసెట్: డబ్బు అడగలేదు. ఆ కుర్రాడు నాన్నగారి సరుకు అమ్ముతానంటున్నాడు, అదీ నా బెంగ. టీవీ-7 కొంటే కొనుక్కోనివ్వండి. కానీ చీటీ మీద టెస్టర్ పేరు, అంకె, చార్టులోని కనీస అంకె మూడూ రాయాలి. జత అని రాయాలంటే సెట్టులో పెట్టి కరెంటు కొలిచాకే రాయాలి.

తణుకు రేడియో: అలాగే చేస్తానండీ, టీవీ-7కు బయానా ఇచ్చాను. ఇంకొక్క సందేహం. పదకొండు ఈఎల్84లకు పిన్నుల దగ్గర ఎర్ర దారం చుట్టి ఉంది. నాన్నగారే చుట్టి ఉంటారు. వెండి పూత మెరుస్తూనే ఉంది. అవి మంచివా, చెడ్డవా?

పాలకొల్లు మైకుసెట్: మా షాపులో గుయ్యిమని హోరు పెట్టేవాటికి దారం కట్టేవాళ్లం. మీ నాన్నగారి లెక్క ఏమిటో మరి. దారం విప్పకండి. ముందు హీటరుకు (క్యాథోడ్‌ను వేడెక్కించే తీగకు), క్యాథోడ్‌కు మధ్య కరెంటు లీకేజీ చూడండి.

వశిష్ఠ గట్టు: వాల్వు వేడెక్కాక చూడండి. చల్లగా ఉన్నప్పుడు లీకేజీ దాగుతుంది.